జపాన్‌లో సీనియర్ కాలర్ పట్టుకున్నాను, నన్ను వెనక్కి పంపేస్తారా?

ఆమదాలవలస ఫిట్టర్ | శనివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఐటీఐ ఫిట్టర్ చేశాను. టెక్నికల్ ఇంటర్న్ వీసా మీద జపాన్ వచ్చి ఏడు నెలలైంది. ఐచి ప్రాంతంలో ఒక ప్రెస్ ఫ్యాక్టరీ, కార్లకు చిన్న చిన్న బ్రాకెట్లు కొడతాం. ట్రైనీలం తొమ్మిది మందిమి. ఆరుగురు వియత్నాం, ఇద్దరు ఇండోనేషియా, మన దేశం నుంచి నేనొక్కణ్ణే.

గురువారం నైట్ షిఫ్ట్‌లో డై, అంటే ప్రెస్సులో ముక్కకి ఆకారం కొట్టే అచ్చు, మార్చారు. మా లైన్ సెంపాయి, అంటే సీనియర్, వియత్నాం వాడు, వచ్చి గబగబా ఏదో చెప్పాడు. ప్రెస్సుల చప్పుడు, నా చెవుల్లో ప్లగ్గులు. సగమే అర్థమైంది. అయినా "హాయ్, హాయ్" అని తలూపాను. వాడు చెప్పింది ఏమిటంటే, కొత్త డై కాబట్టి మొదటి ఐదు ముక్కలూ నోగిసుతో కొలిచి తనకు చూపించాకే మిగతావి కొట్టమని. నోగిసు అంటే మన వెర్నియరే. నేను రోజూలాగే యాభైకి ఒకటి కొలుచుకుంటూ పోయాను. 320 ముక్కలయ్యాక వాడు వచ్చి ఒకటి తీసి చూశాడు. అంచంతా బర్ర్, అంటే గరుకుగా పైకి లేచిన లోహం, బెజ్జం సైజు తేడా. అన్నీ ఎర్ర డబ్బాలో పోశారు.

అందరి ముందు "బాకా" అని అరిచాడు. అంటే బుద్ధిలేనివాడా అని. అదీ ఓర్చుకున్నాను. తర్వాత నోగిసు కొసతో నా టోపీ మీద రెండుసార్లు పొడిచాడు. నాకు కళ్లు తిరిగిపోయాయి. కాలర్ పట్టుకుని వెనక్కి తోశాను. కొట్టలేదు. మిగతావాళ్లు వచ్చి విడదీశారు.

వాడికి మొదటి రోజు నుంచీ నేనంటే పడదు. ఏ పనిముట్టు ఇచ్చినా ఎడం చేత్తోనే ఇస్తాడు. నేను పిలిస్తే మొహం తిప్పుకుంటాడు. డార్మిటరీ వంటగదిలో నేను పోపు వేస్తే కిటికీలన్నీ తెరిచేస్తారు. వాళ్ల చేపల సాస్ వాసనకు నాకు కడుపులో తిప్పుతుంది, నేనేమన్నా అన్నానా?

సోమవారం కుమియాయి నుంచి, అంటే మమ్మల్ని కంపెనీలో పెట్టి పర్యవేక్షించే సంఘం నుంచి, మనిషి వస్తాడట. జపనీస్‌లో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు. పాస్‌పోర్టు కూడా ఆఫీసు లాకర్‌లోనే ఉంది, భద్రంగా ఉంటుందని మొదట్లోనే తీసుకున్నారు. నాన్న పొలం తాకట్టు పెట్టి రెండున్నర లక్షలు తెచ్చారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నిద్ర పట్టడం లేదు. వెనక్కి పంపేస్తారా? వేరే కంపెనీకి మారొచ్చా?

ఉద్దానం కొబ్బరి | శనివారం రాత్రి 11:20

బావూ, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. చదివి చెప్పేవాడు దొరికేదాకా పెట్టకు.

రెండోది. నేను దుబాయ్, మస్కట్ కలిపి పద్నాలుగేళ్లు చేశాను. పాకిస్తాన్ ఫోర్‌మన్, కేరళ స్టోర్ కీపర్, ఫిలిప్పీన్స్ టైమ్ కీపర్. అందరి చేతా తిట్లు తిన్నాను. తిట్టినవాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు, చెయ్యి వేసినవాడి పేరు ఎక్కుతుంది. అది ఏ దేశమైనా అంతే. మన సోంపేట, కంచిలి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎంతమంది ఇలా ఒక్క నిమిషం కోపానికి టికెట్ కొట్టించుకుని ఇంటికొచ్చేశారో నాకు తెలుసు. పొలం తాకట్టులో ఉంది కదా. నోరు మూసుకుని మూడేళ్లు గడిపెయ్యి నాన్నా.

చీపురుపల్లి సిస్టర్ | శనివారం రాత్రి 11:47

అన్నయ్య గారూ, మీ అనుభవం పెద్దదే. కానీ నోరు మూసుకోమనడం దగ్గర నేను ఒప్పుకోను.

నేను జపాన్‌లోనే వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్‌గా చేస్తున్నాను. మతిమరుపు జబ్బున్న పెద్దావిడ రోజుకు పదిసార్లు నన్ను బాకా అంటుంది. ఆవిణ్ణి నేను ఏమీ అనుకోను, అది జబ్బు. తోటి ఉద్యోగి అంటే మాత్రం ఊరుకోను. పనిచోట పైవాడు అధికారం అడ్డుపెట్టుకుని వేధిస్తే ఇక్కడ దాన్ని పవర్ హరాస్‌మెంట్ అంటారు, అలా జరగకుండా కంపెనీ చర్యలు తీసుకోవాలని చట్టముంది. పెద్ద కంపెనీలకు 2020 జూన్ నుంచి, చిన్నవాటికి 2022 ఏప్రిల్ నుంచి. ఫిర్యాదు వినడానికి ఒక మనిషినో, గదినో కంపెనీ చూపించాలి. టోపీ మీద ఇనుముతో పొడవడం ఏ దేశం సంస్కృతీ కాదు. దయచేసి ఎవరూ దాన్ని "అక్కడ అంతే" అని సర్దేయకండి.

అలాగని నువ్వు తోసింది ఒప్పని కాదు తమ్ముడూ. రెండూ రెండు వేరువేరు తప్పులు. సోమవారం రెండూ విడివిడిగా చెప్పు.

రాజాం అమ్మ | ఆదివారం ఉదయం 6:05

బాబూ, ఇది చదివాక నాకు పొద్దున్నే కాఫీ కూడా దిగలేదు. మా పెద్దాడు వచ్చే ఏడాది జపాన్ వెళ్తానని విశాఖలో క్లాసులకి వెళ్తున్నాడు. నువ్వు తిన్నావా? ముందు అది చెప్పు. ఇంట్లో అమ్మకి ఫోన్ చెయ్యి. డబ్బు సంగతి తర్వాత. పిల్లాడి గొంతు విని ఏదో జరిగిందని తల్లికి ఎలాగూ తెలిసిపోతుంది.

మోడరేటర్ | ఆదివారం ఉదయం 7:30

చిన్న మనవి. కంపెనీ పేరు, పంపిన ఏజెన్సీ పేరు, ఆ సీనియర్ పేరు ఎవరూ అడగవద్దు, రాయవద్దు. విషయం మాట్లాడుకుందాం.

బొబ్బిలి కుర్రోడు | ఆదివారం ఉదయం 9:14

తమ్ముడూ, నేను 2019 నుంచి మూడేళ్లు గిఫులో వెల్డింగ్ ట్రైనీగా ఉన్నాను. మీ ఐచికి పక్కనే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు భయం సంగతి. నీ పాస్‌పోర్టు వాళ్లు ఉంచుకోకూడదు. 2017 నవంబరులో అమల్లోకి వచ్చిన టెక్నికల్ ఇంటర్న్ చట్టంలో అది నేరం. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అని నీతో ఒప్పందం రాయించుకోవడమూ నేరమే. సోమవారం వచ్చే మనిషితోనే "నా పాస్‌పోర్టు నా దగ్గర పెట్టుకుంటాను" అని మర్యాదగా అడుగు. ఇక వెనక్కి పంపడం. నీకిష్టం లేకుండా విమానం ఎక్కించడం కుదరదు. నీ శిక్షణ మధ్యలో ఆపేస్తే వాళ్లే ఓటిట్ అనే సంస్థకు ముందే తెలియజేయాలి. ట్రైనీలను, కంపెనీలను చూసే సంస్థ అది. అందులో ఫోన్లోనూ, మెయిల్లోనూ ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లుంటారు. వియత్నామీస్, ఇండోనేషియన్ కూడా ఉన్నాయి కానీ తెలుగు లేదు. నీ ఇంగ్లీషు ఎంతైనా పర్వాలేదు, రాసి పంపు. మెయిల్ అయితే డిక్షనరీ చూసుకుని నిదానంగా రాసుకోవచ్చు.

ఇచ్చిన కాగితం బహుశా షిమాత్సుషో అయ్యుండాలి. ఏం జరిగిందో, ఇకముందు ఎలా జరగకుండా చూస్తానో రాసిచ్చే కాగితం. అది అక్కడ మామూలే, చిన్న తప్పుకీ రాయిస్తారు. కానీ వాళ్లు రాసినదానిమీద నువ్వు సంతకం పెట్టకు. నేనే రాస్తానను. ఇంగ్లీషులో రాసినా సరే. ఒక కాపీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. "సొంత ఇష్టంతో వెళ్లిపోతున్నాను" అన్న మాట అందులో ఎక్కడా లేకుండా చూసుకో.

కంపెనీ మారడం నీ ఇష్టం మీద ఉండదు. కంపెనీ మూతపడితేనో, మరీ ఘోరంగా హింసిస్తేనో తప్ప ఈ వీసాలో మార్చరు. దీని స్థానంలో కొత్త పద్ధతికి 2024లో చట్టం చేశారు, 2027 ఏప్రిల్ నుంచి మొదలు. అందులో ఒకటి రెండేళ్ల తర్వాత కొన్ని షరతులతో మారనిస్తారు. అది వచ్చేవాళ్లకి పనికొస్తుంది. నీ దారి వేరు. మూడేళ్లు సరిగ్గా పూర్తిచేస్తే అదే రంగంలో స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి పరీక్షలు లేకుండా వెళ్లొచ్చు. అప్పుడు కంపెనీ మారొచ్చు, జీతమూ మెరుగ్గా ఉంటుంది. ఆ తలుపు మూసుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. తప్పు ఎక్కడ జరిగింది? ఆ "హాయ్" దగ్గర.

మనకి క్లాసులో హాయ్ అంటే అవును అని చెప్తారు. జపాన్‌లో అది "వింటున్నాను" కూడా. అక్కడివాళ్లకి ఇబ్బంది లేదు, ఎందుకంటే షాప్ ఫ్లోర్‌లో హాయ్ అన్న తర్వాత చెప్పిన మాటని తిరిగి పైకి అంటారు. ఫుకుషో అంటారు దాన్ని. "మొదటి ఐదు, కొలిచి, మీకు చూపిస్తాను" అని నువ్వు అనాలి. అనలేదంటే వినలేదని. మనం ఏం చేస్తాం? అయ్యవారు చెప్పినప్పుడు "అర్థమైందా?" అంటే, అర్థం కాకపోయినా "అయ్యిందండి" అంటాం. కాలేదంటే ఆయన్ని అవమానించినట్టనిపిస్తుంది. పదో తరగతి దాకా నేను అలాగే చదివాను. గిఫులో మొదటి ఆరు నెలలూ అలాగే పని చేశాను. ఒక రోజు తప్పు వైరు వేసి నలభై జాయింట్లు వెల్డ్ చేశాను. అన్నీ గ్రైండింగ్ చేసి తీయాల్సి వచ్చింది. మా తాతలాంటి జపాన్ ఆయన, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడు, నాతో పాటు రాత్రి తొమ్మిది దాకా నిలబడి గ్రైండింగ్ చేశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు తిట్టినా బాగుండేదనిపించింది.

తలూపడం ఇంకొకటి. మనం తల పక్కకి ఊపితే సరే అని. వాళ్లు తల పక్కకి వాలిస్తే "ఏమో, నాకనుమానమే" అని. నోటితో హాయ్, తలతో ఏమో. ఎదుటివాడు దేన్ని నమ్మాలి?

మూడు మాటలు బట్టీ పట్టు. "వకరిమసెన్", అర్థం కాలేదు. "మో ఇచిదో ఒనెగాయ్ షిమాసు", ఇంకొక్కసారి చెప్పండి. మూడోది హోరెన్సో. జరిగింది చెప్పడం, తెలియాల్సినవాళ్లకి తెలియజేయడం, చేసే ముందు అడగడం. మూడు జపనీస్ మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన మాట అది. పలికితే పాలకూర పేరులా వినిపిస్తుంది, అందుకే ఎవరూ మర్చిపోరు.

ఇంకొక్కటి. లైన్లో ఫుర్యో వస్తే, అంటే ముక్క పాడైతే, మేనేజర్ ముందు అడిగేది నిన్ను కాదు, నీకు నేర్పినవాణ్ణి. ఆ 320 ముక్కలూ అతని లెక్కలో పడ్డాయి. అరిచింది ఒప్పని అనడం లేదు. ఎందుకంత మంట పుట్టిందో చెప్తున్నాను.

నువ్వు అతన్ని ఏమని పిలుస్తావు?

ఆమదాలవలస ఫిట్టర్ | ఆదివారం మధ్యాహ్నం 12:40

అన్నా, చాలా థ్యాంక్స్. మూడుసార్లు చదివాను. అమ్మకి ఫోన్ చేశాను, రాజాం అమ్మగారూ. ఏడ్చింది కానీ నాన్నకి తనే చెప్తానంది. అన్నం తిన్నాను.

ఏమని పిలుస్తానంటే, గౌరవంగానే పిలుస్తాను. "అనత" అంటాను. క్లాసులో అనత అంటే మీరు అని చెప్పారు.

సెన్సేయి విజయనగరం | ఆదివారం మధ్యాహ్నం 1:25

ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. నేను మన జిల్లా పిల్లలకి ఆరేళ్లుగా జపనీస్ చెప్తున్నాను. నేను కూడా మొదటి పాఠంలో అనత అంటే మీరు అనే చెప్తాను. పుస్తకంలో అలాగే ఉంటుంది.

బాబూ, అనత అంటే నిఘంటువు ప్రకారం మీరే. కానీ జపాన్‌లో పైవాణ్ణి, పెద్దవాణ్ణి ఎవరూ అనత అని పిలవరు. పేరుకి శాన్ తగిలించి పిలవాలి, లేదా హోదాతో పిలవాలి. పైవాడితో అనత అంటే "ఏమయ్యా, నిన్నే" అన్నట్టు తగులుతుంది. నువ్వు ఏడు నెలలుగా రోజూ గౌరవం అనుకుంటూ అతన్ని అలా పిలుస్తున్నావు.

అతను వియత్నాం మనిషి కదా, అది ఇంకా గుచ్చుకుంటుంది. వాళ్ల భాషలో అందరికీ సరిపోయే నువ్వు, మీరు లేవు. ఎదుటివాడి వయసు చూసి అన్న అంటారు, తమ్ముడు అంటారు, పిన్ని అంటారు. ఆన్ అంటే అన్న, ఎమ్ అంటే తమ్ముడో చెల్లో. వయసు తెలియకపోతే మాటే మొదలుపెట్టలేరు, అందుకే కొత్తవాళ్లని ముందు వయసు అడుగుతారు. మన పల్లెల్లోనూ అంతే కదా, "బాబూ, నువ్వెవరి తాలూకు?" అని వరస తేల్చుకున్నాకే మాట సాగుతుంది. తనకంటే చిన్నవాడు వరస లేకుండా పిలిస్తే మొహం తిప్పుకోవడం నాకు వింతగా అనిపించడం లేదు.

మరో మాట. నువ్వు మొదటి పోస్టు మొత్తం అతన్ని "వాడు" అని రాశావు. బొబ్బిలి అబ్బాయి "అతను" అని రాశాడు. మనకి వాడు, అతను, ఆయన అని మెట్లున్నాయి. మన మనసులో మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో నోరు చెప్పేస్తుంది. కోపంలో రాసి ఉంటావు, తప్పు పట్టడం లేదు. కానీ ఒక్క మాట మనిషికి ఎలా తగులుతుందో తెలుగువాడికి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎడం చేతి సంగతి. అతనిది ఎడమచేతి వాటమేమో ఎప్పుడైనా చూశావా?

ఆమదాలవలస ఫిట్టర్ | ఆదివారం మధ్యాహ్నం 1:58

చూడలేదండి. ఇండోనేషియా కుర్రాడు కూడా అది మర్యాద కాదన్నాడు, వాళ్ల దగ్గరా ఎడం చేత్తో ఇవ్వకూడదట. అందుకే కావాలనే చేస్తున్నాడని గట్టిగా అనుకున్నాను.

పార్వతీపురం | ఆదివారం మధ్యాహ్నం 2:30

అందరూ ఈ అబ్బాయిదే తప్పన్నట్టు రాస్తున్నారు. ఆరుగురు ఒక దేశం వాళ్లు, ఇతను ఒక్కడు. భోజనాల బల్ల దగ్గర ఆరుగురూ వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ నవ్వుతుంటే, అది తన గురించే అనిపించదా? నేను బెంగళూరులో ఒక షెడ్డులో ఒక్కణ్ణే తెలుగువాణ్ణిగా రెండేళ్లున్నాను. భాష నేర్చుకో, అణిగి ఉండు అనే సలహాలన్నీ ఒక్కడుగా ఉన్నవాడికే చెప్తారు. గుంపుగా ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పరు.

చీపురుపల్లి సిస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

పార్వతీపురం అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. కొత్త ట్రైనీ వచ్చినప్పుడు పని సరిగ్గా నేర్పించడం, చప్పుడు ఉన్నచోట మార్పుని బోర్డు మీద రాసి పెట్టడం కంపెనీ పని. రాత్రి పూట ఇద్దరు పరాయి దేశం వాళ్లు, ఇద్దరికీ సొంతం కాని మూడో భాషలో, ప్రెస్సుల చప్పుడులో కొలతలు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏర్పాటు చేసింది ఇద్దరిలో ఎవరూ కాదు. సోమవారం ఇది తప్పకుండా అడుగు. డై మార్చినప్పుడు ఏం చెయ్యాలో బొమ్మలతో ఒక కాగితం మెషిన్‌కి అంటించమను. ఇది నీకే కాదు, అతనికీ మేలు.

ఆ సీనియర్ పరిస్థితి కూడా ఒక్కసారి ఆలోచించు. వియత్నాం నుంచి వచ్చే చాలామంది నీకంటే పెద్ద అప్పులు చేసి వస్తారు. మా ఆశ్రమంలో ఒక వియత్నాం అమ్మాయి రెండేళ్లు ఇంటికి వెళ్లలేదు, టికెట్ డబ్బు కూడా అప్పుకే కట్టింది.

బారువ తీరం | ఆదివారం సాయంత్రం 5:45

వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. మాది వేట కుటుంబం. మా మావయ్యలు గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్ల మీద పని చేస్తారు. మన శ్రీకాకుళం తీరం కుర్రాళ్లు ఏటా ఎంతమంది వెళ్తారో మీకు తెలుసు. 2018లో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడి 2020 జనవరిలో విడుదలైనవాళ్లూ అలా వెళ్లినవాళ్లే. ఆ బోటు మీద వారాల తరబడి ఒకే పొయ్యి, ఒకే గిన్నె. ఎవరి వంట వాసన ఎవరికి పడదో తేలేది అక్కడే.

తమ్ముడూ, మన ఇంట్లో ఎండు మెత్తళ్లు వేయిస్తే వీధి చివరికి తెలుస్తుంది. నా పెళ్లైన కొత్తలో మా ఆవిడ, లోపలి ఊరి పిల్ల, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినంత పని చేసింది. ఇప్పుడు చింతకాయ వేసి ఎండు మెత్తళ్లు తనే వండుతుంది. వియత్నాం వాళ్ల చేపల సాస్ అంటే ఏమిటి? చిన్న చేపలని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దింపిన రసం. మన ఎండు చేపకి చుట్టమే అది. నువ్వు ఆమదాలవలస కాబట్టి నీకు అలవాటు లేదేమో కానీ, మీ ఇంట్లో ఎవరో ఒకరు సముద్రం వైపువాళ్లు ఉండే ఉంటారు.

ఎండుమిర్చి పోపు ఘాటు అలవాటు లేనివాళ్లకి దగ్గు ఆగదు. కిటికీ తెరిచారంటే నీమీద కోపంతో కాదు, ఊపిరాడక.

ఆమదాలవలస ఫిట్టర్ | ఆదివారం రాత్రి 9:30

మా అమ్మమ్మది కవిటి అండి. ఎండు మెత్తళ్లు తింటాను.

ఇప్పుడే వంటగది నుంచి వచ్చాను. అతను మూలన కూర్చుని తింటున్నాడు. చాప్‌స్టిక్స్ ఎడం చేతిలో ఉన్నాయి. ఫోన్‌లో వాళ్ల పాపతో మాట్లాడుతూ ఎడం చేత్తోనే తింటున్నాడు. ఏడు నెలలుగా ఒకే వంటగదిలో ఉన్నాను. ఒక్కసారీ చూడలేదు.

రేపటికి షిమాత్సుషో ఇంగ్లీషులో రాసుకున్నాను. నేను తోసింది రాశాను. అతను టోపీ మీద పొడిచింది కూడా రాశాను. సిస్టర్ చెప్పినట్టు బోర్డు సంగతి చివర్లో రాశాను.

ఉద్దానం కొబ్బరి | ఆదివారం రాత్రి 10:02

మంచి పని చేశావు బావూ. నిన్న నోరు మూసుకోమన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా రోజుల్లో అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. పాస్‌పోర్టు మొహం చూడకుండానే రెండేళ్లు గడిపాను నేను. అడగొచ్చని తెలిస్తే నేనూ అడిగేవాణ్ణి.

రేపు మాట్లాడేటప్పుడు చేతులు జేబులో పెట్టుకోకు. గొంతు పెంచకు.

సెన్సేయి విజయనగరం | ఆదివారం రాత్రి 10:15

క్షమించమని అడిగేటప్పుడు "మోషివాకె గొజాయ్‌మసెన్ దెషితా" అను. సుమిమసెన్ చిన్న తప్పులకి. నడుము వంచి ఒక్క క్షణం ఆగి లేవాలి. ముందు నీ తప్పు ఒప్పుకో, ఆ తర్వాతే నీ ఫిర్యాదు చెప్పు. "కానీ" అంటూ మొదలుపెట్టకు.

ఆమదాలవలస ఫిట్టర్ | సోమవారం రాత్రి 11:35

అయింది. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి.

కుమియాయి నుంచి వచ్చినావిడతో పాటు ఇంగ్లీషు తెలిసిన ఇంకొకాయన వచ్చారు. గంటన్నర కూర్చోబెట్టారు. ముందు లేచి నిలబడి సెన్సేయి గారు చెప్పిన మాట అన్నాను, వంగాను. అతను నావైపు చూడలేదు. తర్వాత నా కాగితం చదివించారు. టోపీ మీద పొడిచిన సంగతి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ మేనేజర్ అతన్ని అడిగాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అవును, పొడిచాను" అన్నాడు. అబద్ధం ఆడలేదు.

ఆ 320 ముక్కల గురించి శుక్రవారం ఉదయమే అతన్ని పిలిచి అడిగారట. నేను నిద్రపోతున్నప్పుడు అతను మూడు గంటలు కూర్చుని, వాటిలో బాగుచెయ్యగలిగినవి ఏరి, ఒక్కొక్కటీ ఆకురాయితో బర్ర్ తీశాడట. నాకెవరూ చెప్పలేదు.

ఇద్దరికీ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. నన్ను రెండు వారాలు డే షిఫ్ట్‌కి మార్చారు. వెనక్కి పంపే మాట ఎత్తలేదు. పాస్‌పోర్టు అడిగాను. ఆవిడ మేనేజర్ వైపు ఒక చూపు చూసింది. అరగంటలో నా చేతికి వచ్చింది. మిగతా ఎనిమిది మందివీ తిరిగి ఇచ్చేశారు. బోర్డు సంగతి "ఆలోచిస్తాం" అన్నారు.

బొబ్బిలి కుర్రోడు | సోమవారం రాత్రి 11:50

తమ్ముడూ!! ఎనిమిది మందివీ! ఎంత మంచి మాట చెప్పావు. ఇక్కడ అందరికీ చదివి వినిపిస్తున్నాను.

"ఆలోచిస్తాం" అంటే జపాన్‌లో తరచుగా "లేదు" అనే అర్థం. వారం పోయాక మళ్లీ మెల్లగా గుర్తుచెయ్యి.

పార్వతీపురం | మంగళవారం ఉదయం 7:20

ఇద్దరికీ ఒకే హెచ్చరిక సరికాదని నేను ఇప్పటికీ అంటాను. పైవాడు ముందు చెయ్యి చేసుకున్నాడు. కానీ అబ్బాయి నిలబడ్డాడు, సంతోషం.

ఆమదాలవలస ఫిట్టర్ | పదకొండు రోజుల తర్వాత, శనివారం సాయంత్రం 6:10

అందరికీ చెప్పాలని వచ్చాను.

బోర్డు రాలేదు. రెండోసారి అడిగాను, మళ్లీ ఆలోచిస్తామన్నారు. దాంతో నేనే ఒక అట్ట మీద డై బొమ్మ, ఐదు ముక్కల బొమ్మ, నోగిసు బొమ్మ గీసి, ఇండోనేషియా కుర్రాడి చేత జపనీస్‌లో రాయించి మెషిన్ పక్కన పెట్టాను. మేనేజర్ చూశాడు, తియ్యమనలేదు.

సెంపాయిని ఇప్పుడు పేరు పెట్టి శాన్ అని పిలుస్తున్నాను. మొదటిసారి పిలిచినప్పుడు వెనక్కి తిరిగి ఒక్క క్షణం అలాగే చూశారు. ఏమీ అనలేదు, కానీ మొహం తిప్పుకోలేదు. మా మధ్య స్నేహమేం కుదరలేదు. పనికి కావలసినంతే మాట్లాడతారు. మిగతా ఐదుగురిలో ఇద్దరు ఇంకా నాతో మాట్లాడటం లేదు.

గురువారం డే షిఫ్ట్‌లో డై మార్చారు. ఆయన వచ్చి చెప్పారు. నాకు రెండో మాట అర్థం కాలేదు. గొంతు పట్టేసింది, అయినా "వకరిమసెన్" అన్నాను. ఆయన చెవి ప్లగ్గులు తీయమని సైగ చేసి, నన్ను కాస్త దూరంగా తీసుకెళ్లి మళ్లీ చెప్పారు. నేను తిరిగి చెప్పాను. ఒక కొలత తప్పు చెప్పాను, సరిదిద్దారు. తర్వాత నోగిసు ఇచ్చారు. ఎడం చేత్తోనే. అందుకున్నాను. మొదటి ఐదూ కొలిచి తీసుకెళ్లి చూపించాను. నాలుగో ముక్కని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, వేలు పెట్టి చూపించి "యోషి" అన్నారు. సరే అని.

నిన్న రాత్రి వంటగదిలో అమ్మమ్మ ఊరి ఫొటోలు చూసుకుంటున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత తీసినవి, కొబ్బరి చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోయి ఉంటాయి. ఆయన గ్లాసు కడుక్కోవడానికి వచ్చి ఆగిపోయారు. "తైఫూ?" అని అడిగారు, తుఫానా అని. అవునన్నాను. వాళ్ల ఇల్లు కూడా సముద్రం ఒడ్డునేనని, పైకప్పు రెండుసార్లు ఎగిరిపోయిందని చేతులతో చూపించి చెప్పారు. ఆ తర్వాత వెళ్లి పడుకున్నారు.

రాజాం అమ్మ | శనివారం రాత్రి 8:40

బాబూ, ఇక్కడి మాటలన్నీ ఈ వారంలోనే మా పెద్దాడి చేత బిగ్గరగా చదివించాను. మా ఆయన పక్కనే కూర్చుని విన్నారు. ఇప్పుడు రోజూ భోజనాల దగ్గర వాడు నాకేదో ఒకటి జపనీస్‌లో చెప్పాలి, నేను "వకరిమసెన్" అనాలి, వాడు మళ్లీ చెప్పాలి. తర్వాత నేను చెప్తాను, వాడు అనాలి. మొదటి రెండు రోజులూ వాడికి ఆ మాట నోట్లోంచి రాలేదు. తల్లి ముందు కూడా సిగ్గే. నిన్న అన్నాడు.

సెన్సేయి విజయనగరం | శనివారం రాత్రి 9:05

సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోంది, ఇరవై ఇద్దరు. ఈసారి మొదటి రోజు అనత చెప్పడం లేదు. పేర్లు పెట్టి శాన్ అని పిలుచుకోవడంతో మొదలుపెడుతున్నాను. రెండో రోజు వకరిమసెన్. బాబూ, నీ అట్ట ఫొటో ఒకటి పంపగలవా? కంపెనీ గుర్తులేవీ పడకుండా తియ్యి. క్లాసులో గోడకి పెడతాను.

ఆమదాలవలస ఫిట్టర్ | శనివారం రాత్రి 9:18

తప్పకుండానండి. సోమవారం టీ టైమ్‌లో సెంపాయిని అడిగి తీస్తాను. దాని మీద కొలతలు ఆయనవి.